హార్మోనియం సంచికి నవారు అడుగు నుంచి రావాలి

హార్మోనియం వాయించేటప్పుడు పాడవదు. మోసేటప్పుడు పాడవుతుంది. ముప్పై ఏడేళ్ళు హార్మోనియాలకు సంచులు కుట్టిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను. మొదటి పద్దెనిమిదేళ్ళు రాజమండ్రిలో ఒక వాద్యాల దుకాణంలో కుట్టాను. తర్వాత పంతొమ్మిదేళ్ళు ఇంట్లో, నా సొంత మిషను మీద కుట్టాను. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చిన రోజున, అంటే పోయిన ఏడాది దసరాకి, మానేశాను. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి.

మా వీధి చివర కుట్టు నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు సంచుల పని నేర్పమని వచ్చారు. జాకెట్లు కుట్టేవాళ్ళు ఎక్కువైపోయారట, ఇందులో అయితే పోటీ ఉండదని వాళ్ళ లెక్క. కూర్చుని నేర్పే ఓపిక నాకు లేదు, రాసిస్తానన్నాను. దుకాణదారు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఇందులో ఉన్నాయి. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. కరుణమ్మ అని, చర్చిల్లో పాటలు నేర్పే ఆవిడ ఉండేది. నేను కుట్టిన సంచి తెగి ఆవిడ చేతిలో హార్మోనియం పాడైపోయింది. తెగింది సంచేనని నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ పని నిలబడేది. చెప్పలేదు. ఆ సంగతి అక్కర్లేదనుకునేవాళ్ళు కొలతల వరకు చదివి ఆపెయ్యవచ్చు. కొలతలు సరిగానే ఉంటాయి.

పురికొస కొలత

మా వైపు హార్మోనియాన్ని పెట్టె అంటారు. పెట్టె గలవాళ్ళు దాన్ని దుకాణానికి తీసుకురారు. ఎవరో పిలిస్తే తప్ప పెట్టె గడప దాటకూడదని, ఊరికే బయటికి తీస్తే ఆ ఏడాది పిలుపులు తగ్గిపోతాయని పద్యనాటకాలకు వాయించేవాళ్ళ నమ్మకం. భజనలవాళ్ళకీ ఇదే. చర్చిలో వాయించేవాళ్ళు అలాంటి నమ్మకాలు లేవంటారు గానీ, పెట్టె తెమ్మంటే వాళ్ళూ తేరు. ఎందుకండీ అంటే “అలవాటండి” అంటారు.

అందుకని ఒక పురికొస తెస్తారు. దానికి మూడు ముడులు ఉంటాయి. మొదటి ముడి వరకు ఎత్తు, రెండో ముడి వరకు వెడల్పు, మూడో ముడి వరకు పొడవు. ఆ పురికొసను టేపు పక్కన పెట్టి, అంగుళాలు చూసి, నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. తేదీ, పేరు, ఊరు, మూడు కొలతలు. అలాంటి పుస్తకాలు ఆరు నిండాయి.

పురికొసను నమ్మకండి. మొదటి ఏడాదిలోనే నేను దాని చేత మోసపోయాను. ఒకాయన పెట్టె చెక్కను మాత్రం కొలిచి తెచ్చాడు. గాలి దారులు తెరవడానికి ముందువైపు లాగే మరలు ముప్పావు అంగుళం బయటికి ఉంటాయన్నది ఆయన మరిచిపోయాడు, నేను అడగలేదు. సంచి బిగుతుగా వచ్చింది. ఆయన మోకాలితో నొక్కి పెట్టెను లోపలికి దూర్చాడు. తొమ్మిది మరల్లో నాలుగు విరిగాయి. అప్పటి నుంచి చెక్క కొలతకు ముందువైపు ఒక అంగుళం, మిగతా మూడు వైపులా అరేసి అంగుళం కలిపి కత్తిరించాను. అంతకు మించి వదులు ఇవ్వకండి. వదులు సంచిలో పెట్టె నడకకు తగ్గట్టు ఊగి, వేళ్ళతో నొక్కే మెట్ల కింది బద్దలను తనే కొట్టుకుంటుంది.

పురికొస చెప్పలేనిది ఇంకొకటి ఉంది, బరువు. ఒకే కొలత గల రెండు పెట్టెల్లో ఒకదానికి రీడ్లు, అంటే లోపల గాలికి మోగే ఇత్తడి రేకులు, రెండు వరసలు, ఇంకోదానికి మూడు వరసలు ఉండవచ్చు. పైకి తేడా తెలియదు. తూస్తే మూడు, నాలుగు కిలోల తేడా వస్తుంది. కాబట్టి ప్రతివాళ్ళనీ అడిగేదాన్ని: “రీడ్లు ఎన్ని వరసలండీ?” ఆ జవాబును కొలతల కింద రాసేదాన్ని.

పాస్టరుగారి ఎకార్డియను

పెనుగొండ దగ్గర పల్లె నుంచి ఒక పాస్టరుగారు ఎకార్డియను కోసం సంచి కావాలని వచ్చారు. ఆయన ఏ నమ్మకమూ లేకుండా వాద్యాన్ని వెంట తెచ్చుకున్నారు, అదీ బియ్యం గోనెలో. ఎకార్డియనుకు తిత్తి నడుమ ఉంటుంది, బిగించే పట్టీ ఊడితే దానంతట అది సాగిపోతుంది. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టకూడదు, కాళ్ళ మీద నిలబెట్టే ఉంచాలి. నేను గోనెలో నుంచి తీసి బల్ల మీద పడుకోబెట్టబోతే ఆయన కంగారుగా పట్టుకున్నారు.

“అలా కాదమ్మా, కూర్చోబెట్టండి. పసిపిల్లాడనుకోండి.”

“భుజానికి ఒక బెల్టు పెడితే చాలాండీ?”

“వాయించేటప్పుడు నా రెండు భుజాల మీదా ఉంటుంది కదమ్మా. మోసేటప్పుడు ఒక భుజం మీదే ఎందుకుండాలి?”

ఏడేళ్ళు సంచులు కుట్టినా నాకు తోచని సంగతి అది. ఆయనకు రెండు భుజాల సంచి కుట్టాను. పది కిలోలు దాటిన దేనికైనా అదే సరైనదని ఆ రోజు తేల్చుకున్నాను. ఒక భుజం మీద మోసేవాళ్ళు పదేళ్ళకి ఒక పక్కకు ఒరిగి నడుస్తారు. మా కొట్టుకు వచ్చేవాళ్ళను చూసి, వాళ్ళు వాయించేదేమిటో నడక బట్టి చెప్పగలిగేదాన్ని.

మా యజమాని వెంకటరత్నంగారు ఆ సంచిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు. “ఇదేంటి మాణిక్యం, బడిసంచా?”

అక్కడే కూర్చున్న నాటకాల హార్మోనిస్టు ఒకాయన అందుకున్నాడు. “ఇది తగిలించుకుని నేను బస్సు దిగితే హార్మోనిస్టుగారొచ్చారని ఎవడంటాడండీ? ఎక్కాలు ఎంతవరకొచ్చాయిరా అంటాడు!”

కొట్టంతా నవ్వింది. రెండు భుజాల సంచి అద్దాల బీరువాలోకి ఎక్కలేదు. మగవాళ్ళు తమ పరువు ఎడమ భుజానికి తగిలించుకుని నడుస్తారు, నడుము పడిపోయాక వైద్యం చేయించుకుంటారు. ఈ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

కండక్టరు కోసం సంచి

మోయడానికి గట్టి ప్లైవుడ్ డబ్బా మంచిదా, మెత్తటి సంచి మంచిదా అని అందరూ అడుగుతారు. వాద్యం మాటే అయితే ప్లైవుడ్ డబ్బా మంచిది. కానీ ప్లైవుడ్ డబ్బాను చూడగానే బస్సు కండక్టరు “టాపు మీద ఎయ్యండి” అంటాడు. గుడ్డ సంచి అయితే ఒళ్ళో పెట్టుకోనిస్తాడు. మా జిల్లాల్లో హార్మోనియం సంచి ఎలా ఉండాలన్నది చాలావరకు కండక్టర్లే తేల్చారు. అందుచేత సంచి మెత్తగా కనబడాలి, లోపల గట్టిగా ఉండాలి. అడుగున ప్లైవుడ్ పలక, దాని మీద అర అంగుళం ఫోము. తిత్తి ఉన్న వైపు గుడ్డకీ ఫోముకీ మధ్య ఇంకో పలుచని పలక. పైన మామూలు కాన్వాసు. కండక్టరుకు పలకలు కనబడవు.

వాన భయంతో రెగ్జిన్ అడుగుతారు. వద్దని చెప్పండి. మన వైపు గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. రెగ్జిన్ సంచిలో బిగించిన పెట్టెను నాలుగు రోజులకి తెరిస్తే ముక్క వాసన వస్తుంది, తోలు ఉబ్బి మెట్లు పైకి లేవవు. కాన్వాసు ఊపిరి తీస్తుంది. వానకు విడిగా ఒక ప్లాస్టిక్ తొడుగు ఇచ్చి, ఇల్లు చేరగానే తీసెయ్యమనండి.

జేబులు కూడా తక్కువ పెట్టండి. కోరుకొండ తీర్థంలో వాయించి వచ్చిన ఒకాయన, అక్కడిచ్చిన కొబ్బరిచెక్క ప్రసాదాన్ని సంచి జేబులో పెట్టి మరిచిపోయాడు. ఇల్లు పంటచేల పక్కన. ఎలుక జేబు కొరికి, ప్రసాదం తిని, అంతటితో ఆగకుండా తిత్తి కూడా కొరికింది. ఆయన సంచి తెచ్చి, “జేబు గట్టిగా కుట్టలేదేంటండీ?” అని నన్నే అడిగాడు.

యాభై ఆరు అంగుళాలు

ఇప్పుడు మంచాలకు అల్లే నవారు పట్టీ సంగతి. సంచిలో ముఖ్యమైనది ఇదొక్కటే. మిగతావన్నీ తప్పినా పెట్టె దెబ్బ తింటుందేమో గానీ, ఇది తప్పితే పెట్టే ఉండదు.

మామూలు సంచి వెడల్పు పద్నాలుగు అంగుళాలు, ఎత్తు పదకొండు. నవారు పట్టీ ఒక పక్క పై నుంచి కిందికి దిగి, అడుగు కింద నుంచి వెళ్ళి, రెండో పక్క పైకి రావాలి. పదకొండు, పద్నాలుగు, పదకొండు, మొత్తం ముప్పై ఆరు. అలాంటివి రెండు పట్టీలు, డెబ్బై రెండు అంగుళాలు. పిడులూ భుజం బెల్టూ ఈ పట్టీలకే తగులుకోవాలి. అప్పుడు బరువును మోసేది నవారు, గుడ్డ పని కప్పి ఉంచడం వరకే.

నేను చేరిన పద్నాలుగో ఏట వెంకటరత్నంగారు ఒక కొత్త నమూనా తెచ్చారు. అందులో నవారు అడుగుకు వెళ్ళదు. నాలుగు కొసలు, ఒక్కొక్కటి పక్క గుడ్డ మీద నాలుగు అంగుళాలు దిగి ఆగిపోతుంది. మొత్తం పదహారు అంగుళాలు. కొస మీద మెరిసే రెగ్జిన్ బిళ్ళ, బిళ్ళకు నాలుగు మూలలా ఇత్తడి రంగు రివెట్లు. చూపుకు పాతదానికన్నా గట్టిగా ఉంటుంది. సంచికి యాభై ఆరు అంగుళాల నవారు మిగులుతుంది.

“ఇది ఆగదండీ,” అన్నాను.

“ఎందుకాగదు? ఐదు వరసలు కుట్టు. ఇదివరకు రెండు వరసలేగా కుట్టేదానివి.”

“వరసలు పెరిగితే గుడ్డ బలహీనపడుతుందండీ. సూది బెజ్జాలన్నీ ఒక గీత మీద పడితే పోస్టు స్టాంపుల అంచులా అవుతుంది.”

“నువ్వు స్టాంపులు అమ్మడం లేదు మాణిక్యం. సంచులు కుడుతున్నావు. కొనేవాడు ఏం చేస్తాడు? ఖాళీ సంచి పట్టుకుని పిడి లాగి చూస్తాడు. ఆగుతుందా, లేదా?”

ఖాళీ సంచికి ఆగుతుంది. ఆయన చెప్పింది నిజం. కొనడానికి వచ్చేవాళ్ళు పెట్టె తీసుకురారు గనక, ఖాళీ సంచి పిడినే లాగి చూసి, రివెట్ల మీద వేలు రాసి తృప్తిపడేవాళ్ళు. పెట్టె గడప దాటకూడదన్న ఆ నమ్మకం మా యజమానికి ఉపయోగపడినంతగా ఇంకెవరికీ ఉపయోగపడలేదు.

నేను ఒకసారి చెప్పి ఊరుకున్నాను. తర్వాత ఆ నమూనాలో నూట అరవై మూడు సంచులు కుట్టాను. లెక్క నా పుస్తకాల్లో ఉంది. రెండు వరసల పెట్టెలకి అవి చాలావరకు ఆగాయి. ఆగడం వల్ల నాకు ధైర్యం వచ్చింది. ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డది ఆ ధైర్యం.

కరుణమ్మ

కరుణమ్మది నరసాపురం పక్క పల్లె. అప్పటికి నలభై లోపు వయసు, భర్త లేడు, ఒక కొడుకు. గోదావరి అవతలి గట్టున ఐదు చిన్న చర్చిలకు వారానికి ఒక్కొక్క రోజు వెళ్ళి, పిల్లలకూ ఆడవాళ్ళకూ కీర్తనలు నేర్పేది. పెట్టె ఆవిడది కాదు, చర్చి సంఘానిది. సంఘపెద్దలు దాన్ని ఆవిడ చేతిలో పెట్టారు, ఆ పనికి నెలకింతని ఇచ్చేవారు. ఆవిడ ఇల్లు ఆ పని మీదే నడిచేది.

పురికొస ఇచ్చినప్పుడు ఎప్పటిలాగే అడిగాను. “రీడ్లు ఎన్ని వరసలండీ?”

“మూడండి. మా తాతగారి నాటి పెట్టెండి, సంఘానికి ఆయనే ఇచ్చారు. శ్రుతి తేనెలా ఉంటుందండి. మొయ్యడానికి మటుకు బండరాయండి బాబూ!” అని నవ్వింది.

పుస్తకంలో ‘మూడు వరసలు, బరువు’ అని రాశాను. రాసి, ఆ కింద పెట్టిన గీత కూడా నాదే. అప్పుడైనా అడుగు కింద నుంచి నవారు వేసి ఉండవచ్చు. నా ఇంట్లో రెండు గజాల ముక్క ఉంది. వెయ్యలేదు. ఐదు వరసలు కుట్టి, రివెట్లు కొట్టి ఇచ్చేశాను.

ఏడో వారం ఆవిడ తిరిగి వచ్చింది. చేతిలో సంచి ఉంది, పెట్టె లేదు. నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు దిగి, ఒడ్డుకు వేసిన చెక్క మీద నడుస్తుండగా ఒక పక్క రెండు కొసలూ ఒకేసారి ఊడాయట. పెట్టె చెక్క అంచుకు తగిలి, విచ్చుకుని, నీళ్ళలో పడింది. అక్కడ సముద్రపు పోటు నీళ్ళు, ఉప్పు. తీసేసరికి రీడ్లలో ఇసుక ఉంది. రెండో రోజుకు చెక్క ఉబ్బి అతుకులు వదిలేశాయి.

ఆవిడ సంచిని బల్ల మీద పరిచింది. చూడగానే తెలిసింది. దారం ఎక్కడా తెగలేదు. ఐదు వరసల పొడుగునా గుడ్డ చిరిగింది.

వెంకటరత్నంగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. “చూడమ్మా, కుట్టు ఎక్కడా తెగలేదు. చిరిగింది గుడ్డ. కుట్టు మాది, గుడ్డ మిల్లువాళ్ళది.”

“నేను డబ్బులు అడగడానికి రాలేదండి,” అంది కరుణమ్మ. “పెట్టె నేనే అజాగ్రత్తగా పడేశానంటున్నారండి మా పెద్దలు. ఆదివారం కమిటీ ఉందండి. సంచి తెగిందని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి, చాలండి. అది చూపిస్తే నన్ను ఉంచుతారండి.”

“అలా ఎలా రాస్తానమ్మా? నీ పెట్టె బరువెంతో నువ్వు చెప్పలేదు.”

“చెప్పానండి! ఇదిగో ఈ అక్కగారే అడిగారు. మూడు వరసలని చెప్పాను. పుస్తకంలో రాసుకున్నారు కూడానండి.” నా వైపు తిరిగింది. “చెప్పండక్కగారూ.”

ఆయన కూడా నా వైపు తిరిగారు. “రాశావా మాణిక్యం?”

పుస్తకం మిషను సొరుగులో ఉంది. నా మోకాలు ఆ సొరుగుకు ఆనుకునే ఉంది.

“గుర్తు లేదండీ,” అన్నాను. “పుస్తకం ఇంటి దగ్గరుంది. చూడాలి.”

“అక్కగారూ, మీరు గీత కూడా పెట్టారండి కింద. నేను చూశానండి.”

“రోజూ ఎంతమందో వస్తారమ్మా. గుర్తు లేదు.”

ఆవిడ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. ఆదివారానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి. ఆ మూడు రోజుల్లో ఒక కార్డు ముక్క మీద రెండు వాక్యాలు రాసి పంపవచ్చు. ఊరు పేరు పుస్తకంలో ఉంది. పంపలేదు. ఆవిడను పని నుంచి తీసేశారని తర్వాతి నెలలో నరసాపురం నుంచి వచ్చిన ఇంకో హార్మోనిస్టు చెప్పాడు.

ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు. నిజం చెబితే యజమాని నన్ను పంపించేస్తాడన్నది ఒకటి. మా ఆయనకు అప్పటికే కాలూ చెయ్యీ పడిపోయాయి, సంపాదన నాదొక్కదానిదే. రెండోది, పదిహేడేళ్ళలో నా చేతి సంచి తెగిందని ఎవరూ నా ఎదుట అనలేదు. అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఏది పెద్ద కారణమని ఇప్పుడు అడిగితే, రెండోదే అంటాను.

వెంకటరత్నంగారు ఇప్పుడు లేరు. పోయినవాళ్ళను గురించి ఇలా రాయకూడదని మా తమ్ముడు అన్నాడు. ఉన్నప్పుడు ముఖాన చెప్పి ఉంటే ఇప్పుడు రాసే పని ఉండేది కాదు.

కొనేటప్పుడు, కుట్టేటప్పుడు

ఇప్పుడు సంచులు ఫోనులో చూసి తెప్పించుకుంటున్నారు. నల్లగా, ముద్దుగా ఉంటాయి. వాటికీ ఇదే చెబుతున్నాను. సంచి చేతికి రాగానే బోర్లించండి. అడుగు మీద నవారు కనబడితే ఉంచుకోండి, లేకపోతే తిప్పి పంపండి. రెండు అంగుళాల కన్నా సన్న బెల్టు భుజాన్ని కోస్తుంది. జిప్పు మూడు వైపులా తెరుచుకోవాలి. పెట్టెను పై నుంచి దించాలి గానీ పక్క నుంచి దూర్చకూడదు. భుజం బెల్టుతో పాటు పక్కన ఒక చేతిపట్టు కూడా ఉండాలి. బస్సెక్కేటప్పుడు ఎవరో ఒకరు అందుకుంటారు, వాళ్ళు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

ఖాళీ సంచి పిడి లాగి చూడడం పరీక్ష కాదు. పెట్టె ఎన్ని కిలోలో తూయండి. దానికి సగం కలపండి. పన్నెండు కిలోల పెట్టె అయితే పద్దెనిమిది కిలోల బియ్యం సంచిలో పోసి, వాసానికో దూలానికో ఉదయం వేలాడదీసి, సాయంత్రం దించండి. కుట్టును చూడకండి, కుట్టు పక్క గుడ్డను చూడండి. బెజ్జాలు సాగి పొడుగైతే ఆ సంచి ఇవ్వకండి. సొంతంగా కుట్టిన పంతొమ్మిదేళ్ళూ ఒక్క సంచి కూడా ఈ పరీక్ష పెట్టకుండా గడప దాటనివ్వలేదు. అది గొప్పగా చెప్పడం లేదు. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని.

పెట్టె తెమ్మని అడగండి. తేమంటే మీరే వాళ్ళింటికి వెళ్ళి ఎత్తి చూడండి. యజమాని తప్పు నమూనా ఇస్తే ఏం చెయ్యాలో నేను చెప్పలేను. నేను చేసినట్టు చెయ్యకండి.

నరసాపురం

పని మానేశాక పాత పుస్తకాలు సర్దుతుంటే ఆ పేజీ వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటింది. ఊరూ పేరూ ఉన్నాయి. గత మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున్న బండెక్కి నరసాపురంలో దిగి, ఆటోలో ఆ పల్లెకు వెళ్ళాను. అంతకుముందు రోజు ఒక తెల్ల కాగితం మీద ఇలా రాసుకున్నాను: ‘పెట్టె మూడు వరసలదని కరుణమ్మగారు చెప్పారు. నేను రాసుకున్నాను. సంచికి నవారు అడుగు నుంచి వెయ్యలేదు. గుడ్డ చిరిగి పెట్టె పడింది. ఆవిడ తప్పు లేదు.’ కింద సంతకం, తేదీ.

కరుణమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పక్కన కోడలు కూర్చుని అల్లిన పువ్వులు లెక్కపెట్టి కట్టలు కడుతోంది. నేను ఎవరో చెప్పాను. ఆవిడ సూది ఆపింది, గుర్తుపట్టింది.

“రండి అక్కగారూ, కూర్చోండి. ఎండన పడి వచ్చారు.”

కాగితం ఇచ్చాను. దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. రెండుసార్లు చదివింది.

“ఇప్పుడు ఎవరికి చూపించమంటారండీ? ఆ పెద్దలు ఒక్కరూ లేరు. చర్చిల్లో కీబోర్డులు వచ్చేశాయి, పెట్టె ఎవరూ వాయించడం లేదు.” కాగితం నాకు తిరిగి ఇచ్చింది. “పైకి చదవండి. మా కోడలు వింటుంది.”

నా చేతిరాతను నేనే పైకి చదివాను. ఐదు వాక్యాలు. కోడలు కట్టడం ఆపి చూసింది.

“అయితే అత్తయ్యా, పెట్టె మీరు పడెయ్యలేదా?”

“నేను పడేశానని నీకెవరు చెప్పారే?”

“మీ అబ్బాయేనండీ. మా అమ్మ చేతిలో పెట్టె జారిపోయింది, అప్పటి నుంచే మాకు కష్టాలొచ్చాయి అంటారు.”

కరుణమ్మ లేసును ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. కొడుకు కూడా అలాగే అనుకుంటున్నాడని ఆవిడకు తెలిసినట్టు లేదు. తెలిసి ఉంటే కోడలిని ఆ ప్రశ్న అడిగేది కాదు. ఆ కాగితాన్ని నా దగ్గర తీసుకుని కోడలి చేతిలో పెట్టి, “సాయంత్రం వాడు రాగానే చూపించు,” అంది. తర్వాత నన్ను అడిగింది.

“ఆ రోజు ఈ మాట ఎందుకు చెప్పలేదండీ?”

“ఉద్యోగం పోతుందని భయపడ్డానండీ,” అన్నాను. రెండో కారణం అప్పుడు కూడా చెప్పలేదు.

“పోలేదు కదా?”

“అప్పుడు పోలేదు. తర్వాత ఆయన ఢిల్లీ నుంచి తయారు సంచులు తెప్పించడం మొదలుపెట్టి, కుట్టు పని ఎత్తేశారు. నన్ను వెళ్ళిపొమ్మన్నారు.”

“ఎన్నాళ్ళకండీ?”

తేదీలు నాకు గుర్తు. ఆవిడ సంచి పట్టుకుని వచ్చిన రోజు నుంచి లెక్కవేసి చెప్పాను.

“పదకొండు నెలల నాలుగు రోజులకండి.”

“అంతేనా?” అంది కరుణమ్మ.

“అంతేనండి.”